గుండ్రటి నట్టల ప్రోటీన్లలో మార్పులు - కృష్ణా డెల్టా మందలకు పాఠం

కృష్ణా డెల్టాలో వరి, మినుము కోతలు ముగిసిన తరువాత గొర్రెల మందలు పొలాలలోను, కాలువ గట్లపైన మేస్తాయి. ఎరువు కొరకు పొలంలో మంద కట్టించుకొనుట రైతులకు పాత అలవాటు. గట్లపై తేమగల పచ్చికలో నట్టల డింభకాలు గడ్డిపరకల మీదికి ప్రాకి, మేతతోపాటు జీవాల కడుపులో చేరుతాయి. వీటిలో మిక్కిలి హానికరమైనది హీమాంకస్ కంటార్టస్. ఇది గొర్రె నాలుగవ జీర్ణాశయంలో రక్తాన్ని పీల్చుతుంది. ఒక ఆడ నట్ట రోజుకు 5,000 నుండి 10,000 వరకు గుడ్లు పెడుతుంది.

ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వంటి బెంజిమిడజోల్ మందులు నట్ట కణాలలోని బీటా ట్యూబులిన్ అను ప్రోటీన్‌కు అంటుకొని, సూక్ష్మనాళికల నిర్మాణాన్ని ఆపుతాయి. ఈ ప్రోటీన్‌లో 200వ స్థానాన ఉండవలసిన ఫినైల్ అలనిన్ బదులు టైరోసిన్ చేరినచో మందు సరిగా అంటుకొనదు. జన్యువులో టి.టి.సి. సంకేతం టి.ఎ.సి.గా మారుట, అనగా ఒక్క అక్షరం మారుటయే ఇందుకు చాలును. 167, 198 స్థానాలలోని మార్పులకు కూడ ఇట్టి ఫలితమే కలదు.

క్షీరదాల ట్యూబులిన్‌లో 200వ స్థానాన సహజంగానే టైరోసిన్ ఉన్నది. గొర్రెకు ఈ మందు సురక్షితమగుటకు గల కారణాలలో ఇది ఒకటి. కార్బెండజిమ్‌ను తట్టుకొను శిలీంధ్రాలలో సైతం 198, 200 స్థానాలే మారుట గమనార్హం. నట్టకు, శిలీంధ్రానికి మధ్య పరిణామ దూరం ఎంతో ఉన్నను, ప్రోటీన్ పని చెడకుండ మందును తప్పించుకొను మార్గాలు కొన్నియే అని దీని వలన తెలియుచున్నది.

ఈ మార్పును మందు సృష్టించదు. అంతకు ముందే అరుదుగా ఉన్న మార్పును ఏరి, పెంచుతుంది. తొలి బెంజిమిడజోల్ అయిన థయాబెండజోల్ 1961లో రాగా, 1964 నాటికే నిరోధకత నమోదైనది. ఇది ప్రధానంగా అంతర్గత లక్షణం. మార్పు చెందిన జన్యువు తల్లిదండ్రులిరువురి నుండి వచ్చినపుడే నట్ట పూర్తిగా తట్టుకొనును. కనుక మందు తగలని నట్టలు మందలో మిగిలియుండుట మేలు.

మంద మొత్తానికి నట్టల మందు త్రాగించి, వెంటనే అంతకు ముందు గొర్రెలు మేయని కోత పొలానికి తోలినచో అక్కడ పడు గుడ్లన్నియు మందును తట్టుకొన్న నట్టలవే. ఒకసారి పెరిగిన నిరోధకత మందు ఆపినను తగ్గుట అరుదు. కావున పాలిపోయిన కనురెప్పలు గల జీవాలకు, వాటి బరువునకు తగిన మోతాదులో మందు ఇవ్వవలెను. 10-14 రోజుల తరువాత పేడలోని గుడ్లను లెక్కించి, తగ్గుదల 95 శాతం కంటె తక్కువైనచో వేరొక వర్గపు మందును ఎన్నుకొనుట విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు నేర్పవలసిన విషయం.