మీకు తెలుసా? తవేతాల వేషం

కెన్యాలో కిలిమంజారో పర్వతపాదాన, లూమి నది ఒడ్డున ఉన్న అడవిలో తవేతా ప్రజలు అరటి తోటలు పెంచుకుని బతికేవారు. వారి భాష బంటు కుటుంబానిది, వేషం మాత్రం చాలావరకు పొరుగున పశువులు కాసే మసాయిల తీరు. 1880లలో జోసెఫ్ థామ్సన్, హ్యారీ జాన్‌స్టన్ వంటి యూరప్ యాత్రికులు వచ్చేనాటికి ఒంటికి కొవ్వు కలిపిన ఎర్రమట్టి పూసుకోవడం, చెవితమ్మెలు సాగదీసుకోవడం, తోలు కప్పుకోవడం, లోహపు తీగ చుట్లూ పూసలూ ధరించడం అక్కడ వాడుకలో ఉన్నాయి. మొంబాసా నుంచి లోపలికి సాగే వర్తక బిడారులకు వారుండే తవేతా ప్రాంతం ముఖ్యమైన మజిలీ. పూసలు, తీగ, నూలు గుడ్డ ఆ దారినే వచ్చేవి. మసాయిలతో పోలిక అలంకారంతో ఆగలేదు: ఒకే ఈడువారంతా ఒక వర్గంగా ఏర్పడే వ్యవస్థ కూడా ఇరు తెగలలోనూ ఉండేది. 1895లో ఆ ప్రాంతం బ్రిటిష్ రక్షిత రాజ్యంలో చేరింది. మిషనరీల రాకతో నూలు దుస్తులు క్రమంగా తోలు స్థానాన్ని ఆక్రమించాయి.