చెల్లెలి వాటా సగమా, పావా? కొలతల్లో దొర్లే పొరపాటు

హిందూపురంలో ఒక కుటుంబం అనుకుందాం. అమ్మానాన్న ఇద్దరూ ఇంతెఖాల్ అయ్యారు. అప్పుల్లేవు, వసీయత్ లేదు. వారసులు ఒక కొడుకు, ఒక కూతురు, అంతే. మిగిలింది 60 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉన్న సైటు. మొత్తం 3,600 చదరపు అడుగులు, అంటే 400 గజాలు.

సూరె నిసా ప్రకారం కొడుక్కి రెండు వాటాలు, కూతురికి ఒకటి. అన్న 40×60 తీసుకున్నాడు. "నీకు నా దాంట్లో సగం కదమ్మా, 20×30 రాసిస్తాను" అన్నాడు. 40లో సగం 20, 60లో సగం 30. వినడానికి న్యాయంగానే ఉంది.

ఇప్పుడు గుణించి చూడండి. అన్నది 40×60, అంటే 2,400 చదరపు అడుగులు. చెల్లెలిది 20×30, అంటే 600 మాత్రమే. ఇది సగం కాదు, పావు! ఆమెకు రావాల్సింది 1,200. మిగతా 600 అన్న దగ్గరే ఉండిపోతుంది. అన్న మనసులో మోసం లేకపోవచ్చు. కానీ చెల్లెలి హక్కు మాత్రం పోయింది.

ఎందుకిలా అవుతుంది? విస్తీర్ణం అంటే పొడవుని వెడల్పుతో గుణించడం. పొడవు ఒక్కటే సగం చేస్తే విస్తీర్ణం సగం అవుతుంది. వెడల్పు కూడా సగం చేస్తే, ఆ సగంలో మళ్ళీ సగం పోతుంది. అందుకే పావు మిగులుతుంది. పెంచినా ఇదే లెక్క. రెండు వైపులా రెండింతలు చేస్తే విస్తీర్ణం నాలుగింతలు, మూడింతలు చేస్తే తొమ్మిదింతలు.

పెనుకొండ బాబయ్య దర్గాకి చాదర్ కుట్టించే వాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. 2 మీటర్లు, 3 మీటర్ల చాదర్‌కి 6 చదరపు మీటర్ల బట్ట చాలు. 4 మీటర్లు, 6 మీటర్లది కావాలంటే 24 చదరపు మీటర్లు కావాలి. అయితే చుట్టూ కుట్టే జరీ అంచు 10 మీటర్ల నుంచి 20కే పెరుగుతుంది. అంచు పొడవు మాత్రమే కాబట్టి రెండింతలే. బట్ట మాత్రం నాలుగింతలు.

ధర్మవరం పట్టు చీరలోనూ అంతే. బుటాని గ్రాఫ్ కాగితం మీద 20 గళ్ళ పొడవు, 20 గళ్ళ వెడల్పులో గీస్తే 400 గళ్ళు. అదే బుటాని రెండు వైపులా రెండింతలు చేస్తే 1,600 గళ్ళు. నేత అంతే దట్టంగా ఉంటే జరీ కూడా సుమారు నాలుగింతలు పడుతుంది. "బుటా కొంచెం పెద్దది చేయండి" అని అడిగితే ధర అంత ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

మరి సైటు రెండింతలు కావాలంటే? రెండు వైపులా సమానంగా పెంచితే, ఒక్కో వైపు సుమారు 1.41 రెట్లు చాలు. 30×40 సైటుకి రెండింతలు 60×80 కాదు, అది నాలుగింతలు. 60×40 అయితేనే సరిగ్గా రెండింతలు.

మళ్ళీ ఆ అన్నాచెల్లెళ్ళ దగ్గరికి వద్దాం. 60×60లో అన్నకి 40×60 పోతే, పక్కన 20×60 మిగులుతుంది. అదే 1,200 చదరపు అడుగులు, అదే చెల్లెలి పూర్తి వాటా. పొడవు ముట్టుకోకుండా వెడల్పు మాత్రమే సగం చేస్తే సరిపోయింది.

అందుకే పంపకాల కాగితం మీద సంతకం పెట్టే ముందు కొలతలు చూసి ఊరుకోకండి. పొడవు, వెడల్పు గుణించి ఎవరికి ఎన్ని చదరపు అడుగులు వచ్చాయో పక్కనే రాయించండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది, అర నిమిషం పని. తోబుట్టువు హక్కు ఆ అర నిమిషంలో నిలబడుతుంది.