లైటు వెలిగింది... ఏ చక్రం దగ్గర మొదలుపెడతారు?

‘పదేళ్లు దాటిన కారు వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద ట్రాక్షన్ కంట్రోల్ లైటు ఆరట్లేదు. ఏం చేస్తావ్?’

సర్వీస్ సెంటర్‌లో టెక్నీషియన్ ట్రైనీ ఇంటర్వ్యూకు వెళ్లే ఐటీఐ, డిప్లొమా, బీటెక్ విద్యార్థులు ఇలాంటి ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. ‘సెన్సర్ మార్చేస్తా సార్’ అని ఠక్కున చెప్పారో, పప్పులో కాలేసినట్టే. అవతలి వ్యక్తి చూసేది మీరు ఆలోచించే వరస. ఆ వరస ఎలా ఉండాలో చూద్దాం.

ముందు ఆ లైటు సంగతి

తడి రోడ్డు మీదో, ఇసుకలోనో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ తిప్పే చక్రం పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది. నాలుగు చక్రాల దగ్గరున్న స్పీడ్ సెన్సర్ల ద్వారా కంట్రోల్ యూనిట్ ఆ తేడాను పసిగడుతుంది. జారుతున్న చక్రానికి బ్రేక్ వేస్తుంది, లేదా ఇంజిన్ శక్తి తగ్గిస్తుంది, లేదా రెండూ చేస్తుంది. ఇవి ఏబీఎస్ వాడే సెన్సర్లే. అందుకే ఒక్క సెన్సర్ మొరాయిస్తే తరచూ రెండు లైట్లూ కలిసి వెలుగుతాయి.

లైటు మిణుకుమిణుకుమంటే వ్యవస్థ ఆ క్షణంలో పనిచేస్తోందని అర్థం. ఆరకుండా వెలుగుతుంటే, ఎవరైనా స్విచ్‌తో ఆపేసి ఉండాలి; లేదా లోపం ఉండాలి. కాబట్టి మొట్టమొదట ఆ స్విచ్ చూడండి. ఎర్రటి బ్రేక్ లైటు కూడా తోడైతే మాత్రం బండిని రోడ్డు మీదికి తీయకూడదు.

ఓనర్‌ను అడగండి

స్కానర్ పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘లైటు ఎప్పుడు వెలుగుతోందండీ?’

ఇగ్నిషన్ ఆన్ చేయగానే వెలిగి ఆరకపోతే వైరు తెగడం, కనెక్టర్ ఊడటం లాంటివి అనుమానించాలి. సర్క్యూట్ కలిసి ఉందో లేదో బండి కదలకుండానే కంట్రోల్ యూనిట్‌కు తెలిసిపోతుంది. స్టార్ట్ చేసినప్పుడు ఆరిపోయి, కాస్త దూరం వెళ్లాక మళ్లీ వెలుగుతుంటే కథ వేరు. సర్క్యూట్ బాగానే ఉంది, చక్రం తిరిగేటప్పుడు వచ్చే సిగ్నల్‌లోనే తేడా ఉందన్నమాట. ఈ ఒక్క జవాబుతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

ఈ మధ్య టైర్లు మార్చారా, బేరింగ్ పని చేయించారా, బ్యాటరీ ఎప్పటిది అనేవీ అడగండి. సైజు కలవని టైరు తిరిగే వేగం వేరుగా ఉంటుంది. బ్యాటరీ బలహీనంగా ఉంటే రకరకాల లైట్లు వెలుగుతాయి.

స్కానర్ చెప్పేది సగమే

చౌక కోడ్ రీడర్లు చాలావరకు ‘పి’తో మొదలయ్యే ఇంజిన్ కోడ్లే చదువుతాయి. మనకు కావాల్సినవి ‘సి’తో మొదలయ్యే ఛాసిస్ కోడ్లు. వాటికి ఏబీఎస్ యూనిట్‌తో మాట్లాడగల స్కానర్ ఉండాలి. ఉదాహరణకు చాలా కార్లలో సి0035 అంటే ఎడమవైపు ముందు చక్రం సెన్సర్ సర్క్యూట్. ఆ కోడ్ రాగానే సెన్సర్ కొనేయకూడదు. సెన్సర్, దాని వైరు, కనెక్టర్, ఎదురుగా తిరిగే టోన్ రింగ్... వీటిలో ఏది పాడైనా అదే కోడ్ రావచ్చు.

ఇప్పుడు లైవ్ డేటా పెట్టండి. ఒకరు బండి నెమ్మదిగా నడపాలి, రెండోవారు నాలుగు చక్రాల వేగం గమనించాలి. మూడు చక్రాలు 20 కిలోమీటర్లు చూపిస్తుంటే నాలుగోది మధ్యమధ్యలో సున్నాకు పడిపోతోందా? దొంగ దొరికినట్టే.

చక్రం విప్పాక

వెనక చక్రాలకు అడ్డు పెట్టి, జాక్ మీదే వదిలేయకుండా స్టాండు వేశాకే చక్రం విప్పండి. తర్వాత ఈ వరసలో వెళ్లండి.

* కంటితో: స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వంగే చోట వైరు ఒరుసుకుపోయిందా? కనెక్టర్‌లో పచ్చటి తుప్పు ఉందా? సెన్సర్ కూర్చునే చోట తుప్పు పేరుకుని దాన్ని పైకి ఎత్తేసిందా?

* టోన్ రింగ్: చక్రాన్ని ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి. రింగ్‌కు పగులుంటే పళ్ల మధ్య దూరం అక్కడొక్కచోటే మారుతుంది. చుట్టుకోసారి సిగ్నల్ తప్పుతుంది. బండి ఆగే ముందు బ్రేక్ పెడల్ కారణం లేకుండా దడదడలాడటానికి తరచూ ఇదే కారణం.

* మల్టీమీటర్: పాత తరహా కాయిల్ సెన్సర్ అయితే రెసిస్టెన్స్ కొలిచి, బాగున్న చక్రం సెన్సర్‌తో పోల్చండి. చక్రం తిప్పితే ఏసీ ఓల్టేజ్ రావాలి. కొత్త తరహా యాక్టివ్ సెన్సర్‌కు ఓమ్ పరీక్ష పెట్టొద్దు. దానికి సప్లై ఓల్టేజ్ అందుతోందో లేదో చూడాలి. ఈ తేడా చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువొస్తుంది.

బేరింగ్ మార్చాకే లైటు మొదలైతే మరో అనుమానం. కొన్ని బేరింగ్‌లలో అయస్కాంతపు రింగ్ సీల్‌లోనే ఉంటుంది. బేరింగ్‌ను తిరగేసి బిగిస్తే సిగ్నలే రాదు.

చక్రాల దగ్గర అంతా బాగుంటే బ్రేక్ లైట్ స్విచ్, స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ చూడండి. కొన్ని కార్లలో ఇంజిన్ మిస్‌ఫైర్ అయినా ట్రాక్షన్ కంట్రోల్ తనంతట తాను ఆగిపోతుంది. పని అయ్యాక కోడ్ చెరిపి, బండి నడిపి, లైటు మళ్లీ రాలేదని చూశాకే తాళాలు ఇవ్వాలి.

ఎందుకింత జాగ్రత్త?

పగిలింది రింగ్ అయితే సెన్సర్ మార్చి పంపిన బండి మర్నాడే తిరిగొస్తుంది. ఓనర్ డబ్బు పోతుంది, మీ మీద నమ్మకమూ పోతుంది. మనదేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంటే ఈ సెన్సర్లున్న కార్లు ఏటా పాతబడుతూ, వారంటీ దాటి బయటి గ్యారేజీలకు వస్తూనే ఉంటాయి. పార్ట్ మార్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. తప్పు పట్టుకునేవాళ్లకే గిరాకీ.

ఎక్కడ నేర్చుకోవాలి?

పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమా చేయొచ్చు. చదువు అయ్యాక అప్రెంటిస్‌షిప్‌లో స్టైపెండ్‌తో పాటు అనుభవం వస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట సెలవుల్లో నెల రోజులు పనిచేసినా చేతికి పని అలవాటవుతుంది. ఇంట్లో ఒక మల్టీమీటర్ పెట్టుకుని, దొరికిన ప్రతి పాత సెన్సర్‌నూ కొలిచి నోట్సులో రాసుకోండి. ఇంటర్వ్యూలో ‘ఏం చేస్తావ్?’ అన్నప్పుడు, ‘ముందు ఓనర్‌ను అడుగుతా సార్, లైటు ఎప్పుడు వెలుగుతోందని’ అంటూ మొదలుపెట్టండి.