దవడ క్రషర్‌లో లోపనిర్ధారణ, నిర్వహణ: బంజారాహిల్స్ గ్రానైటు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రాంతాలు నిలిచి ఉన్న గ్రానైటును కంకరగా మార్చడంలో మొదటి యంత్రం దవడ క్రషర్. ఇందులో తలెత్తే లోపాలను సాధారణంగా విడిభాగాల వైఫల్యంగా భావిస్తారు. శిల స్వభావం, రాయి అందించే తీరు, దవడల మధ్య ఎడం అనే మూడు అంశాలను పరిశీలించకుండా విడిభాగాన్ని మార్చితే అదే లోపం పునరావృతమవుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది. ద్వితీయ దశలో వాడే కోన్ క్రషర్లు ఈ వ్యాస పరిధిలోకి రావు.

కీలకపదాలు: గ్రానైటు, క్వార్ట్జ్, దవడ క్రషర్, టాగుల్ ప్లేటు, మాంగనీసు ఉక్కు, సిలికోసిస్.

1. ఉపోద్ఘాతం

బంజారాహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంలో గుండ్రని శిలలు నేటికీ కనిపిస్తాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న ఈ గ్రానైటు తూర్పు ధార్వాడ్ శిలాఖండానికి చెందినది. 1976లో ప్రారంభమైన అన్నపూర్ణ స్టూడియోస్ మొదలు నేటి బహుళ అంతస్తుల భవనాల వరకు ఇక్కడి నిర్మాణాలన్నీ ఈ రాతినేలమీదే వెలశాయి. సెల్లారు తవ్వాలంటే రాయిని పగలగొట్టాలి. పైన స్లాబు వేయాలంటే అదే జాతి రాయి కంకరగా తిరిగి రావాలి.

ఒకప్పుడు ఈ పనిని వడ్డెరలు సమ్మెటతో, ఉలితో, చేతి సుత్తితో చేసేవారు. అమెరికాకు చెందిన ఎలై విట్నీ బ్లేక్ 1858లో దవడ క్రషర్‌కు పేటెంటు పొందాడు. నేటి కంకర మిషన్లలో ప్రాథమిక దశలో కనిపించే యంత్రానికి మూలరూపం అదే.

2. శిల స్వభావం

గ్రానైటులోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌ల మొత్తంలో క్వార్ట్జ్ వాటా 20 నుండి 60 శాతం ఉంటుంది. మోహ్స్ కాఠిన్యమానంలో క్వార్ట్జ్ స్థానం 7. సాధారణ ఉక్కు అంతకంటే మెత్తన. కనుక గ్రానైటు నలుగుతూనే ఉక్కును గీస్తుంది. హైదరాబాద్‌కు పడమట వికారాబాద్ వైపు లభించే దక్కన్ బసాల్టులో క్వార్ట్జ్ దాదాపుగా ఉండదు. అది సులభంగా పగలకపోయినా ఉక్కును ఇంతగా అరగదీయదు. బసాల్టు క్వారీ అనుభవంతో నిర్ణయించిన పలకల మార్పిడి గడువు గ్రానైటు క్వారీకి వర్తించకపోవడానికి కారణమిదే.

3. యంత్ర నిర్మాణం

ఈ యంత్రంలో ఒక దవడ స్థిరంగా ఉంటుంది. రెండవది ఎక్సెంట్రిక్ షాఫ్టు వల్ల ముందుకూ వెనుకకూ కదులుతుంది. పైన వెడల్పుగానూ కింద ఇరుకుగానూ ఉన్న ఈ గదిలో రాయి దశలవారీగా నలుగుతూ జారుతుంది. దవడలు అతి దగ్గరకు వచ్చినప్పుడు అడుగున ఉండే ఎడమే కంకర పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. కదిలే దవడకు వెనుకనుండి ఆధారంగా నిలిచేది టాగుల్ ప్లేటు.

4. లక్షణాలు, కారణాలు

4.1 టాగుల్ ప్లేటు విరగడం: నలగని వస్తువు గదిలో పడినప్పుడు ముందుగా విరిగి, షాఫ్టును, బేరింగులను, చట్రాన్ని కాపాడేలా ఈ ప్లేటును రూపొందిస్తారు. విద్యుత్ వలయంలో ఫ్యూజుది ఇదే పాత్ర. పదేపదే విరుగుతున్నదని మరింత మందమైన ఉక్కు పలకను అమర్చడం ఫ్యూజు స్థానంలో లావుపాటి తీగ చుట్టడంతో సమానం. అప్పుడు ఆ దెబ్బ షాఫ్టుకో చట్రానికో తగులుతుంది. ఎక్స్‌కవేటర్ బకెట్టు పన్ను ఊడి రాళ్లలో కలిసిందా, ఎడం మరీ తగ్గించారా, ప్లేటు కూర్చునే గాడి అరిగిందా, వెనుక స్ప్రింగు వదులైందా అన్నవి ముందుగా పరిశీలించాలి.

4.2 దవడ పలకలు త్వరగా అరగడం: రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనుగొన్న మాంగనీసు ఉక్కుతో ఈ పలకలను పోతపోస్తారు. అందులో మాంగనీసు సాధారణంగా 11 నుండి 14 శాతం. ఈ ఉక్కు దెబ్బలు తిన్నకొద్దీ పైపొర గట్టిపడుతుంది. రాయితోపాటు మట్టి, పొడి ఎక్కువగా చేరితే దెబ్బ తగ్గి రాపిడి పెరుగుతుంది. పలక గట్టిపడకముందే అరిగిపోతుంది. కనుక నాణ్యత లేని పలక వచ్చిందని నిర్ణయించే ముందు, క్రషర్‌కు ముందున్న కమ్మీల జల్లెడ పొడిని సరిగా వేరుచేస్తున్నదో లేదో చూడాలి. పలకల అడుగు భాగం ముందుగా అరుగుతుంది. సకాలంలో తలకిందులుగా తిప్పి బిగిస్తే అదే పలక మరికొంత కాలం పనిచేస్తుంది.

4.3 బేరింగు వేడెక్కడం: గ్రీజు తగ్గినా, మితిమీరినా బేరింగు వేడెక్కుతుంది. అందువల్ల వేడి కనిపించగానే గ్రీజు ఎక్కించడం సరైన చికిత్స కాకపోవచ్చు. రెండు వైపుల బేరింగుల ఉష్ణోగ్రతను పోల్చి చూడాలి. ఒకే వైపు పెరుగుతుంటే రాయి గదిలో ఒక పక్కకే పడుతున్నదా అని పరీక్షించాలి. ఆ వైపు పలక కూడా ఎక్కువగా అరిగి ఉంటే లోపం రాయి అందించే తీరులో ఉన్నట్లు భావించవచ్చు.

4.4 ఉత్పత్తి తగ్గడం: ఇక్కడ మోటారు తీసుకునే కరెంటు ముఖ్యమైన ఆధారం. కరెంటు పెరిగి ఉత్పత్తి తగ్గితే గది అడుగున తడి పొడి గట్టిగా అట్టకట్టి ఉండవచ్చు. వర్షాకాలంలో ఇది తరచు ఎదురవుతుంది. కరెంటు, ఉత్పత్తి రెండూ తగ్గితే రాయి చాలినంత అందకపోవడమో, బెల్టు జారడమో కారణం. గది పైభాగంలో పెద్ద బండ అడ్డుపడినప్పుడు కూడా కింది భాగం ఖాళీగా నడుస్తుంది.

5. నిర్వహణ క్రమం

పై ఉదాహరణలలో ఒకే లక్షణానికి పలు కారణాలు కనిపిస్తున్నాయి. వాటిని వేరుచేయడానికి రోజువారీ నమోదు అవసరం. బేరింగుల ఉష్ణోగ్రత, మోటారు కరెంటు, దవడల ఎడం, ఆ రోజు వచ్చిన కంకర పరిమాణం, రాయి తెచ్చిన క్వారీ వివరం అనే ఐదు అంశాలను నిర్ణీత సమయంలో పుస్తకంలో రాయాలి. ఒక్కరోజు అంకె కంటే కొన్ని వారాల పెరుగుదల, తగ్గుదల ఎక్కువ విషయం చెబుతాయి. కొత్త పలకలు బిగించిన తరువాత కొన్ని గంటలకు బోల్టులను తిరిగి బిగించడం, వాటి పైపొర గట్టిపడేవరకు మితమైన భారంతో నడపడం ఈ క్రమంలో భాగాలు.

6. కార్మిక భద్రత

తప్పు నిర్ధారణకు చివరకు మూల్యం చెల్లించేది యంత్రం దగ్గర పనిచేసే మనిషి. బండ అడ్డుపడిన ప్రతిసారీ గడ్డపారతో ఎవరో ఒకరు గది అంచుకు వెళ్లవలసి వస్తుంది. మోటారు ఆపినా ఫ్లైవీలు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అది ఆగిన తరువాత కూడా నొక్కుకుపోయిన బండ ఒక్కసారిగా ఎగిరిపడవచ్చు. విద్యుత్ సరఫరాను వేరుచేసి, స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి లోపలికి వెళ్లే వ్యక్తి వద్దనే ఉంచాలి. 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ యంత్రాలకు రక్షణ కంచెను, 22వ సెక్షన్ కదిలే యంత్రాల వద్ద పనికి నియమాలను నిర్దేశించాయి.

రెండవ ప్రమాదం కంటికి అంతగా కనబడదు. గ్రానైటు ధూళిలోని సన్నని క్వార్ట్జ్ రేణువులు ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్‌కు దారితీస్తాయి. అదే చట్టంలోని మూడవ షెడ్యూలులో ఇది తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ఉండేది. పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం క్రషర్ పరికరాలకు 3 నుండి 10 మీటర్ల దూరంలో గాలిలో తేలే ధూళి ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు మించరాదు. కాబట్టి నీటి తుంపర గొట్టం పూడిపోవడాన్ని కూడా బేరింగు వేడెక్కడంతో సమానమైన లోపంగా నమోదు చేయాలి.

7. ముగింపు

దవడ క్రషర్‌లో విరిగిన భాగం లోపం ఎక్కడ బయటపడిందో చూపుతుంది. అది ఎక్కడ మొదలైందో తెలియాలంటే శిలను, దానిని అందించే తీరును, దవడల ఎడాన్ని కలిపి చదవాలి. అలా చదివినప్పుడు విడిభాగాల ఖర్చు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, అడ్డుపడిన రాయిని తీయడానికి మనిషి ఆ గదివైపు వెళ్లవలసిన సందర్భాలు తగ్గుతాయి. నిర్వహణ ఫలితాన్ని టన్నుల లెక్కతోపాటు ఈ లెక్కతోనూ కొలవవలసి ఉంది.