చనుబాలు మాన్పుట – ఉగ్గుగిన్నె అలవరచుట



బిడ్డకు చనుబాలు మాన్పించుట మన యిండ్లలో నొక చిన్న యుద్ధమువలె జరుగుచున్నది. రొమ్మునకు ముసాంబరము పూయుదురు. వేపాకు నూరి పట్టింతురు. తల్లిని రెండు దినములు పుట్టింటికి పంపి బిడ్డను అవ్వయొద్ద నుంచుదురు. బిడ్డ యేడ్చి యేడ్చి సొమ్మసిల్లి నిద్రపోయినచో "మానినది" అని సంతోషింతురు. ఇంత చేదు అవసరమా? నా యిద్దరు బిడ్డలవలన నేను నేర్చినది చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. చెప్పదలచిన దొక్కటే: పాలు మాన్పుట యొక్క దినమున జరుగు పని కాదు. ఉగ్గుగిన్నె ముందు రావలయును. చనుబాలు వెనుక పోవలయును.

మా పెద్దవాడు పుట్టినప్పుడు మేము ఆత్మకూరులో ఉంటిమి. మావారు అక్కడ ఉపాధ్యాయులు. వానికి పదునాలుగవ నెల వచ్చునప్పటికి నేను మరల గర్భవతినైతిని. కడుపుతో నున్న తల్లి పాలు బిడ్డకు విషమగునని ఇరుగుపొరుగు పెద్దలందరును చెప్పిరి. మా అత్తగారు, "అమ్మాయీ! జాలిపడితే వాడెన్నటికీ మానడు. ఈ రాత్రి నీవు ప్రక్కగదిలో పడుకో" అనిరి. నాకును అంతకన్న తెలియదు. ముసాంబరము పూసితిని. పిల్లవాడు నోరుపెట్టి, వెంటనే వెనుకకు లాగుకొని, నా ముఖము వంక చూచిన చూపు నేటికిని మరువలేకున్నాను.

వానికి గిన్నెతో త్రాగుట యలవాటు లేదు. కావున బజారునుండి రబ్బరు పీకగల పాలసీసా తెప్పించితిమి. చిక్కని పాలు అరుగవని సగమునకు సగము నీరు కలిపితిమి. అది వైశాఖమాసము. అయిదవ దినమున విరేచనములు పట్టుకొన్నవి. రెండు దినములలో కన్నులు లోతుకు పోయినవి, మూత్రము తగ్గినది, మూలుగుటకును ఓపిక లేకపోయినది. నెల్లూరికి తీసికొనిపోయితిమి. అచటి వైద్యురాలు నా చేతిలోని సీసాను తీసికొని, పీకను తిరుగవేసి చూపెను. లోపల పెరుగు మీగడవంటి పొర పట్టియున్నది. "ఎట్లు కడుగుచున్నారమ్మా?" అని మాత్రమే అడిగెను. నేను తల వంచుకొంటిని. ఓ.ఆర్‌.ఎస్‌. నీరు చెంచాలతో త్రాగించి, జింకు మందిచ్చి, బిడ్డను దక్కించిరి. కాని పోయిన బరువు తిరిగి వచ్చుటకు రెండు నెలలు పట్టినది.

ఆ వైద్యురాలివలననే నాకు మూడు సంగతులు తెలిసినవి. గర్భము ధరించినంతమాత్రాన తల్లిపాలు విషము కావు. పాలు కొంత తగ్గవచ్చును గాని, ఆరోగ్యముగా నున్న తల్లి వైద్యుల సలహాతో ఇచ్చుచుండవచ్చును. బిడ్డకు విరేచనములు పట్టినప్పుడు చనుబాలు ఆపరాదు. అవియే ముఖ్యమైన ఆధారము. ఇక సీసా యన్న, కంటికి శుభ్రముగా కనబడుచు లోపల మురికిని దాచుకొను వస్తువు. మన దేశమున 1992లో చేసిన శాసనము పాలపొడులతోపాటు పాలసీసాలను గూర్చిన ప్రకటనలను సైతము నిషేధించినదనిన, దాని ప్రమాదము మీరే యూహించుకొనవచ్చును.

నీరు కలిపిన పాలను తలచుకొన్నప్పుడెల్ల నాకు భారతము ఆదిపర్వములోని అశ్వత్థామ కథ జ్ఞప్తికి వచ్చుచుండును. ధనవంతుల బిడ్డలు పాలు త్రాగుట చూచి ఆ పసివాడు పాలకై యేడ్చినాడు. తోడి బాలురు పిండినీళ్లు కలిపియిచ్చిరి. పాలు త్రాగితినని వాడు గంతులు వేసినాడు. ద్రోణునికి పేదరికము కలదు. మాకు పాడి యుండియు మేము చేసినది పిండినీళ్ల పనియే. కడుపు నిండినట్లు కనబడును, ఒడలికి బలము చేరదు.

మావారికి ఉదయగిరికి బదిలీ యైన పిమ్మట అమ్మాయి పుట్టినది. ఉదయగిరి పేరు విన్నంతనే కృష్ణదేవరాయలు 1514లో జయించిన దుర్గము జ్ఞప్తికి వచ్చును. అచటి బాలకృష్ణుని విగ్రహమును రాయలు విజయనగరమునకు కొనిపోయి, 1515లో కోవెల కట్టించి ప్రతిష్ఠించినాడు. ఆ కొండ నీడలో నాకును ఒక బాలను పెంచు భాగ్యము కలిగినది. ఈమారు తొందరపడరాదని నిశ్చయించుకొని, మా నాయనగారు నాకు చెప్పిన గ్రంథములు తీసి చూచితిని. సుశ్రుతుడు ఆరవ మాసమున తేలికయు హితమునైన అన్నము పెట్టుమన్నాడు. వాగ్భటుడు అష్టాంగహృదయములో, పండ్లు వచ్చిన బిడ్డను క్రమముగా చనుబాలనుండి మరల్చుమన్నాడు. "క్రమముగా" అను నా యొక్క మాట నాకు మొదటిసారి తెలిసియున్నచో మా పెద్దవానికి ఆ కష్టము రాకపోయెడిది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పునదియు దీనికి దగ్గరగానే యున్నది: ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేమియు నీయరాదు, మన యెండకాలమున సైతము నీటిచుక్క అక్కరలేదు, చనుబాలలోనే కావలసిన నీరు కలదు. ఆరు నెలలు నిండిన పిమ్మట అన్నముతోపాటు రెండేండ్ల వరకును, తల్లికిని బిడ్డకును ఇష్టమైనచో ఆపైనను, చనుబాలు సాగవచ్చును.

గిన్నె విషయము వచ్చినప్పుడు ఇంటిలో చిన్న చిక్కు కలిగినది. మా అత్తగారు పెట్టెనుండి ముక్కుగల యొక ఇత్తడి ఉగ్గుగిన్నెను తీసికొనివచ్చిరి. "మీ మామగారు దీనితోనే ఉగ్గు త్రాగి పెరిగినారు" అనిరి. కళాయి ఎప్పుడో పోయినది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువయుంచిన పాలలోనికి రాగి దిగును. పసిబిడ్డల కాలేయమును చెరచు నొక ఘోరవ్యాధికి ఇట్టి పాలతో సంబంధము కలదని 1980ల దశకమున పుణెలోని వైద్యులు కనుగొనిరి. పాత్రలు మారిన పిమ్మట ఆ వ్యాధి తగ్గిపోయినది. ఈ సంగతి నెమ్మదిగా చెప్పగా అత్తగారు కొంతసేపు మాటాడలేదు. తరువాత తామే ఆ గిన్నెను చింతపండుతో తోమి, దేవుని గూటిలో కుంకుమ యుంచుటకు పెట్టిరి. బిడ్డకు స్టీలు గిన్నె కొంటిమి. వెండిదైనను మంచిదే. మూలలు లేనిదై, వేలు పెట్టి తోమ వీలైనదై యుండవలయును; అంతే.

గిన్నె పాతదే గాని, త్రాగించు తీరు మాత్రము మార్చుకొనవలయును. బిడ్డను కాళ్లపై వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి, గొంతులో పోయు పద్ధతి కొన్ని యిండ్లలో నింకను కలదు. పాలు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగవచ్చును. బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టుకొని, గిన్నె యంచును క్రింది పెదవికి తాకించి, పాలు పెదవిని తాకునంతవరకే వంచవలయును. బిడ్డ తానే నాలుకతో అందుకొని చప్పరించును. మనము పోయరాదు. మొదటి దినములలో సగము గౌను మీదనే పోవును, కోపపడరాదు. ఒక చిన్న తువాలు మెడకు కట్టినచో చాలును.

మా అమ్మాయికి ఆరు నెలలు నిండగనే, అన్నము తిన్న పిమ్మట రెండు మూడు గుక్కల కాచి చల్లార్చిన నీరు గిన్నెతో పట్టితిని. అది పాలు మాన్పుటకు కాదు, గిన్నెతో చెలిమి చేయించుటకు. మొదట రెండు మూడు చెంచాల మెత్తని అన్నము, పెసరపప్పు, కొంచెము నెయ్యి. పిదప మన మెట్టసీమ రాగిజావ. జావ పలుచగా నుండరాదు. చెంచా వంచినను జారిపోక నిలుచునట్లుండవలయును. ఆరు మొదలు ఎనిమిది నెలల వరకు దినమునకు రెండు మూడు మార్లు, ఆపైన మూడు నాలుగు మార్లు పెట్టితిని. 250 మి.లీ. పట్టు గిన్నెలో సగముతో మొదలుపెట్టి, ఏడాది దాటిన పిమ్మట ముప్పాతికకు పెంచితిని. అంగన్‌వాడీలో నిచ్చు బాలామృతమును సైతము వాడితిని. ఆకుకూర, గ్రుడ్డు, పండు క్రమముగా చేర్చితిని. ఏడాదిలోపు తేనె నాకింపరాదు. అందుండు ఒక సూక్ష్మజీవి పసిబిడ్డకు ప్రాణాంతకము కావచ్చును. ఆవుపాలను సైతము ఏడాది నిండిన తరువాతనే త్రాగుడు పాలుగా ఇచ్చితిని. వానియందు ఇనుము స్వల్పము.

కలుపుటకు గరిటెలు కావలసివచ్చినప్పుడు ఇచట వెదుకనక్కరలేదు. దుర్గపు కొండల కఱ్ఱతో చెంచాలు, గరిటెలు చెక్కు పనివారు ఉదయగిరిలో కలరు. ఆ పని భౌగోళిక సూచికగా నమోదై పేరు పొందినది. గరిటెలమ్మిన యామె, "అక్కా! కడిగి ఎండలో ఆరబెట్టు. పగులు వస్తే ఇక బిడ్డ వంటకు వాడవద్దు" అని తానే చెప్పెను. మంచి మాట. పగులులోనే మురికి దాగును.

ఇక మన మెట్టప్రాంతపు తల్లులు ప్రత్యేకముగా గమనింపవలసిన దొకటి కలదు. అది గిన్నెలోని నీరు. నీటిలోని ఫ్లోరైడువలన పండ్లు, ఎముకలు చెడు వ్యాధిని మన దేశమున మొట్టమొదట వైద్యులు వర్ణించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములలోనే. తల్లి త్రాగు నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నున్నను, చనుబాలలోనికి వచ్చునది బహు స్వల్పము. అనగా చనుబాలు త్రాగినంతకాలము బిడ్డకు తల్లియే వడపోతవలె నుండును. గిన్నె పట్టిన దినమునుండి ఆ రక్షణ తగ్గుట మొదలిడును. తరువాత రాబోవు శాశ్వతదంతములు ఆ సంవత్సరములలోనే చిగుళ్ల లోపల రూపొందుచుండును. అప్పటి నీటి దోషము ఏడెనిమిదేండ్ల వయస్సున గోధుమరంగు మరకలై బయటపడును. నీటిని కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కనగును. కావున మీ బోరునీటిని పరీక్ష చేయింపుడు. లీటరునకు 1 మిల్లీగ్రాములోపు ఉండుట మేలు, 1.5 దాటినచో బిడ్డ త్రాగుటకును, జావ కాచుటకును ఆ నీరు పనికిరాదు. ఆర్‌.ఓ. యంత్రమున శుద్ధి చేసిన నీటినో, శుభ్రముగా పట్టిన వాననీటినో వాడి, దానిని కాచి చల్లార్చుకొనుడు.

ఇక మాన్పుట. ఏడాదిన్నర దాటినపిమ్మట మధ్యాహ్నపు పాలను మొదట తగ్గించితిని; ఆ వేళకు గిన్నెలో పాలు, ఒడిలో కథ. రెండు వారములు గడచిన తరువాత సాయంకాలపువి. తెల్లవారుజామువి ఆ తరువాత. రాత్రి నిద్రకు ముందు త్రాగునవి అన్నిటికంటె చివర. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఆపితిని, మండువేసవిలో మొదలుపెట్టలేదు. అడిగినచో కాదనలేదు, అడుగనిచో నేనై ఇయ్యలేదు. ఇట్లు మెల్లగా తగ్గించుటవలన నాకును రొమ్ములు గడ్డకట్టలేదు. బరువుగా నున్న దినమున కొంచెము పిండివేసి సుఖపడితిని. గుడ్డతో బిగించి కట్టుట మంచిది కాదు. ఎఱ్ఱబడి, నొప్పి, జ్వరము వచ్చినచో వైద్యురాలికి చూపవలయును.

రెండేండ్లు దాటిన యొక రాత్రి అమ్మాయి ప్రక్కన పండుకొని, అలవాటుగా నా కొంగు పట్టుకొని, కొంతసేపు ఊరకుండి, "అమ్మా, గిన్నె" అనినది. పాలు త్రాగి, మూతి తుడుచుకొని, నా చేతిపైననే నిద్రపోయినది. ముందటి రాత్రి యిచ్చినవే కడపటి పాలని నాకు అప్పుడు తెలియలేదు. తెలిసినప్పుడు సంతోషముతోపాటు కొంచెము దుఃఖమును కలిగినది. ఆ దుఃఖము తల్లిది. అది బిడ్డకు అంటలేదు. అదియే నాకు చాలును.

మరునాడు అత్తగారు గిన్నె కడుగుచు, "పెద్దవానికి మనము తొందరపడితిమమ్మా" అనిరి. ఆ మాటకు నేనేమియు బదులు చెప్పలేదు. మీ యింటిలో పాలు మాన్పు దినములు దగ్గర పడుచున్నచో ముసాంబరము కొనకుడు. అంతకు ముందే యొక చిన్న గిన్నె కొనుడు.