జరగని ప్రమాదాన్ని పట్టే కెర్నల్

"సిస్టమ్ బిగుసుకుపోయాక ఏం కనుక్కుంటాం సార్? మౌస్ కూడా కదలదు కదా!" ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న ఇది. నాకు తెలిసిన జవాబుల్లో అందమైనది డీబగ్ కెర్నల్. ఫెడోరా లినక్స్‌లో అది మామూలు కెర్నల్ పక్కనే ఇంకో ప్యాకేజీగా దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చేసి, రీబూట్ చేసి, బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ఎంచుకోవడమే. సోర్స్ కోడ్ అదే, వెర్షన్ అదే. కంపైల్ చేసేటప్పుడు తనిఖీలు ఆన్ చేస్తారు, అంతే తేడా.

ఆ తనిఖీల్లో నాకు ప్రాణం లాక్‌డెప్. ఇంగో మోల్నార్ రాయగా 2006లో 2.6.18 వెర్షన్‌తో లినక్స్‌లోకి వచ్చింది. లాక్ అంటే ఒకరు వాడుతున్నదాన్ని మరొకరు ముట్టుకోకుండా కాపాడే తాళం. ఒక సీపీయూ ఎ అనే లాక్ పట్టుకుని బి అనే లాక్ కోసం ఆగింది, ఇంకో సీపీయూ బి పట్టుకుని ఎ కోసం ఆగింది అనుకోండి. రెండూ వదలవు. అదే డెడ్‌లాక్. రెండూ సరిగ్గా ఆ క్షణంలోనే తారసపడాలి కాబట్టి ఇలాంటి తప్పు నెలల తరబడి బయటపడకపోవచ్చు.

లాక్‌డెప్ ఆ క్షణం కోసం కాచుకుని ఉండదు. ఏ లాక్ చేతిలో ఉండగా ఏ లాక్ తీసుకున్నారో రాసుకుంటూ పోతుంది. పొద్దున ఒక పని ఎ తర్వాత బి తీసుకుని రెండూ వదిలేసింది. సాయంత్రం ఇంకో పని బి పట్టుకుని ఎ అడిగింది. ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ లాక్‌డెప్ గీసుకున్న పటంలో బాణాలు చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాయి. వెంటనే రెండు దారుల ఫంక్షన్ల పేర్లతో సహా లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది.

మెమరీలో లాకులు లక్షల్లో ఉంటాయి కదా, పటం పట్టేదెలా? కోడ్‌లో ఒకే చోట పుట్టిన లాకులన్నిటినీ ఒకే తరగతిగా లెక్కేస్తుంది. అందుకే ఒక ఫైలు దగ్గర చూసిన వరస, మరో ఫైలు దగ్గర చూసిన తలకిందుల వరసతో జతపడి తప్పును పట్టిస్తుంది. ఒకసారి సరిచూసిన లాకుల వరసకు 64 బిట్ల గుర్తు వేసి దాచుకుంటుంది. అదే వరస మళ్లీ వస్తే గుర్తు చూసి వదిలేస్తుంది.

తర్వాత మెమరీ తప్పులకు కాసాన్ వచ్చింది, 2015లో. ప్రతి 8 బైట్లకూ ఒక నీడ బైటు పెట్టి, కెర్నల్ ముట్టుకోకూడని చోటు ముట్టుకోగానే పట్టేస్తుంది. ఆ నీడకే మెమరీలో ఎనిమిదో వంతు పోతుంది. 2021లో వచ్చిన కెఫెన్స్ కొన్ని కేటాయింపులనే మచ్చుకు గమనిస్తుంది కాబట్టి అసలు సర్వర్లలోనూ నడుస్తుంది.

మరి ఎప్పుడు ఏది? సిస్టమ్ బిగుసుకుపోతుంటే లాక్‌డెప్ ఉన్న కెర్నల్. డేటా పాడైపోతున్నా, పూటకో చోట క్రాష్ అవుతున్నా కాసాన్ ఉన్నది. డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీ వీటికి బదులు కాదు. క్రాష్ డంప్‌లోని అడ్రసులకు పేర్లు చెప్పడం దాని పని, కెర్నల్‌ను అది మార్చదు. తనిఖీల బరువుకు వేగం తగ్గి, టైమింగ్ మారి, క్షణాల తేడా మీద ఆధారపడే కొన్ని రేసు తప్పులు డీబగ్ కెర్నల్‌లో కనబడకుండా పోతాయి. లాక్‌డెప్‌కు ఆ బెడద బాగా తక్కువ. దానికి కావాల్సింది క్షణం కాదు, వరస. అందుకే టెస్ట్ మెషీన్‌లో డీబగ్ కెర్నల్ ఎక్కించి ఒకే పనిని వెయ్యిసార్లు చేయించడం కన్నా, వెయ్యి రకాల పనులు ఒక్కోసారి చేయించడం మేలు. నడవని దారిలోని తప్పును లాక్‌డెప్ కూడా చూడలేదు.