సాంఘిక శాస్త్రం పుట్టిన కథ

"అక్బరు ఎప్పుడో పోయాడు. ఆయన 1556లో గద్దె నెక్కాడని నేను కంఠస్థం చేస్తే ఎవరికి లాభం?"

పరీక్షల రోజుల్లో ఈ ప్రశ్న అడగని పిల్లవాడుండడు. లెక్కలు నేర్చుకుంటే కొట్లో మోసపోము. సైన్సు నేర్చుకుంటే దీపం ఎందుకు వెలుగుతుందో తెలుస్తుంది. మరి అందరూ "సోషల్" అని పిలిచే సాంఘిక శాస్త్రం దేనికి? దాన్ని బడిలో ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?

లెక్కలకూ, వ్యాకరణానికీ ఉన్నంత వయస్సు ఈ పాఠానికి లేదు. చరిత్రా, భూగోళమూ పాతవే. కాని వాటిని పౌరశాస్త్రంతోనూ, ఆర్థికశాస్త్రంతోనూ కలిపి ఒకే పాఠంగా చెప్పటం సుమారు నూట ఇరవై ఏళ్ళనాడు మొదలయింది. ఆ కథలో ముఖ్యమైన భాగం అమెరికాలో జరిగింది.

వర్జీనియా రాష్ట్రంలో, సముద్రపు ఒడ్డున, హాంప్టన్ అనే ఊరున్నది. అక్కడ కొమ్మలు చాచి నిలిచిన పెద్ద సింధూర వృక్షం ఒకటి ఉన్నది. ఒకప్పుడు ఆ రాష్ట్రంలో నల్లజాతివారికి చదువు చెప్పటం చట్టవిరుద్ధం. అయినా 1861లో, అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతుండగా, మేరీ పీక్ అనే నల్లజాతి స్త్రీ ఆ చెట్టు నీడన కూర్చుని, బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చినవారి పిల్లలకు చదువు చెప్పింది. 1863లో బానిసలకు విముక్తి ప్రకటిస్తూ అబ్రహాం లింకన్ చేసిన ప్రకటనను ఆ చెట్టు కిందనే చదివి వినిపించారు. 1868లో, ఆ చెట్టుకు దగ్గరలో, నల్లజాతివారికోసం ఒక విద్యాలయం వెలిసింది. 1878 నుంచి అమెరికా ఆదివాసుల పిల్లలు కూడా అక్కడ చదవసాగారు.

1902లో థామస్ జెస్సీ జోన్స్ అనే ఉపాధ్యాయుడు ఆ విద్యాలయానికి వచ్చాడు. ఆయన వేల్సులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. రాజుల పేర్లూ, యుద్ధాల తేదీలూ వల్లె వేయించటం ఆయనకు నచ్చలేదు. ప్రభుత్వం ఎలా నడుస్తుంది, కుటుంబానికి డబ్బు ఎలా వస్తుంది, ఎలా పోతుంది, తమ జాతివారు ఎక్కడెక్కడ ఎందరున్నారు, ఏమేం పనులు చేస్తున్నారు—ఇవన్నీ ఆయన పిల్లలకు చెప్పాడు. జనాభా లెక్కల పట్టికలు తెచ్చి తరగతిలో చదివించాడు. ఈ పాఠాలకు "సాంఘిక అధ్యయనాలు" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. జోన్స్ హాంప్టన్ చేరిన ఆ 1902లోనే వర్జీనియా రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం వచ్చింది. వోటు వెయ్యాలంటే తలపన్ను కట్టి ఉండాలని, ఇంకా కొన్ని షరతులూ పెట్టి, అది నల్లజాతివారిలో చాలామందికి వోటు లేకుండా చేసింది. అంటే ఒకవంక తరగతి గదిలో పౌరుడి ధర్మాలు చెబుతున్నారు. మరొకవంక ఆ తరగతిలో కూర్చున్న పిల్లలకు పెద్దయినాక పౌరుడి హక్కు దక్కకుండా పోతున్నది!

జోన్స్ దీన్ని గట్టిగా ఎదిరించలేదు. నల్లజాతివారూ, ఆదివాసులూ ఇంకా మెట్టుమెట్టుగా ఎదగాలనీ, అందాకా ఓర్పుతో ఉండాలనీ ఆయన అభిప్రాయం. నల్లజాతి పండితుడైన డ్యూబాయిస్ ఈ ధోరణిని తీవ్రంగా ఖండించాడు. నల్లజాతి పిల్లలకు ఉన్నత విద్య కన్న చేతిపనులు చాలునన్నట్టు జోన్స్ రాసిన నివేదికను ఆయన 1918లో తన పత్రికలో తూర్పారబట్టాడు. తలవంచుకుని పనిచెయ్యటమా, తల ఎత్తి ప్రశ్నించటమా—బడి పిల్లలకు ఏది నేర్పాలి? సాంఘిక శాస్త్రం పుడుతూనే ఈ తగాదా కూడా పుట్టింది.

ఈలోగా అమెరికా అంతా మారిపోతున్నది. యంత్రాగారాలు లేచాయి. యూరపు దేశాలనుంచి లక్షలాది జనం ఓడలెక్కి వచ్చి నగరాలలో చేరారు. భాష వేరు, అలవాట్లు వేరు. వీరందరూ కలిసి బతకటం ఎలా? ఈ సంగతి ఆలోచించటానికి ఉపాధ్యాయుల జాతీయ సంఘం ఒక ఉపసంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షుడు జోన్స్. కార్యదర్శి ఆర్థర్ డన్.

డన్ పద్ధతి చాలా సులువుగా ఉండేది. పిల్లలు శాసనసభలో ఎందరు సభ్యులో వల్లించటం కన్న ముందు, తమ ఊరిని చూడాలన్నాడు. మంచినీరు ఎలా వస్తుంది? మంటలు లేస్తే ఆర్పేదెవరు? చెత్త ఎక్కడికి పోతుంది? ఈ పనులకు డబ్బెవరిది? ఇలా అడుగుతూ పోతే ప్రభుత్వం అంటే ఏమిటో దానంతట అదే అర్థమవుతుంది. 1916లో ఆ ఉపసంఘం నివేదిక వెలువడింది. మంచి పౌరులను తయారుచెయ్యటమే సాంఘిక శాస్త్రం ప్రయోజనమని అది చెప్పింది. ఆఖరి తరగతిలో, ప్రజాస్వామ్యంలో ఎదురయ్యే సమస్యలను గురించి పిల్లలు చర్చించాలని కూడా సూచించింది. 1921లో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఒక జాతీయ మండలి ఏర్పాటు చేసుకున్నారు.

పిల్లలచేత ప్రశ్నలు అడిగించటం అందరికీ నచ్చదు. ఆ మండలిని స్థాపించినవారిలో హెరాల్డ్ రగ్ ఒకడు. ఆయన రాసిన పాఠ్యపుస్తకాలు లక్షలాది పిల్లలు చదివారు. దేశంలో కొందరు భాగ్యవంతులూ, కొందరు బీదలూ ఎందుకున్నారు అనే ప్రశ్న ఆ పుస్తకాలలో ఉండేది. ఇవి దేశభక్తికి విరుద్ధమని కొందరు పెద్దలు కేకలు వేశారు. బడి తరవాత బడి వాటిని తీసేసింది. 1940లో ఒహైయో రాష్ట్రంలోని ఒక ఊళ్ళో వాటిని తగలబెట్టారు కూడా!

మన దేశం సంగతి చూద్దాం. 1951-52లో స్వతంత్ర భారతంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. సుమారు 17 కోట్ల 30 లక్షలమందికి వోటుహక్కు వచ్చింది. 1951 జనాభా లెక్కల ప్రకారం చదవటం, రాయటం వచ్చినవారు నూటికి 18 మందే! అందుచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. చీటీ వెయ్యటం ఒక్కరోజు పని. ఎవరికి వెయ్యాలో, ఎందుకు వెయ్యాలో ఆలోచించటం జీవితమంతా చెయ్యవలసిన పని. అది ఎక్కడ నేర్చుకోవాలి?

1952లో ప్రభుత్వం మాధ్యమిక విద్యను గురించి ఒక కమిషన్‌ను నియమించింది. దాని అధ్యక్షుడు డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు. ఆయన 1887లో మన కర్నూలులో పుట్టాడు, కవలలలో ఒకడు. వైద్యుడుగా పేరు తెచ్చుకుని, మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇరవై ఏడేళ్ళు ఉపాధ్యక్షుడుగా ఉన్నాడు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం ఒకదానితో ఒకటి సంబంధం లేని ముక్కలుగా చెప్పరాదనీ, మనిషికీ సంఘానికీ గల సంబంధాన్ని తెలిపే ఒకే పాఠంగా చెప్పాలనీ ఆ కమిషన్ 1953లో సిఫారసు చేసింది.

ముక్కలు కలపటం అంటే ఏమిటో ఒక చిటికెడు ఉప్పుతో చూడవచ్చు. సముద్రపు నీరు మళ్ళలో ఎండి ఉప్పు ఎలా అవుతుందో, అందుకు ఎండా, గాలీ ఎందుకు కావాలో చెప్పేది భూగోళం. ఆ మళ్ళలో పనిచేసేవారికి ఎంత ముడుతుందో, మన కొట్టుకు వచ్చేసరికి ధర ఎంత పెరుగుతుందో చెప్పేది ఆర్థికశాస్త్రం. ఉప్పు మీద పన్నును ధిక్కరించి 1930లో గాంధీగారు సబర్మతి నుంచి దండి దాకా నడిచి వెళ్ళటం చరిత్ర. ఈనాడు పన్ను వెయ్యాలన్నా, తియ్యాలన్నా ఎవరికి అధికారమున్నదో, వారిని ఎన్నుకునేది ఎవరో చెప్పేది పౌరశాస్త్రం. ఉప్పు ఒక్కటే, ప్రశ్నలే నాలుగు.

ఇక అక్బరు మాట. 1556 అనే అంకె ఒక్కటే తలలో మిగిలితే నిజంగానే లాభం లేదు. కాని ఆయన కొలువులో తోడరమల్లు పొలాలు కొలిపించి శిస్తు ఎలా నిర్ణయించాడో తెలిస్తే, "ఈనాడు మనం కట్టే పన్ను ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ డబ్బు దేనికి ఖర్చవుతున్నది?" అని అడగటం వస్తుంది.

మీ ఇంటికి మంచినీరు ఏ చెరువునుంచి, ఏ నదినుంచి వస్తున్నది? ఒకరోజు రాకపోతే ఎవరిని అడగాలి? మీ వీధికి వచ్చే నీరు పక్క వీధికి కూడా సమానంగా వస్తున్నదా? రేపు బడిలో మీ మాస్టారిని అడిగి చూడండి. సాంఘిక శాస్త్రం పుట్టింది ఇలా అడగటం నేర్పటానికే.